పాత ఇల్లా, హోటల్ గదులా?

కుటుంబమంతా సిటీలో నాలుగు రోజులు ఉండాలంటే నా ఓటు రోజుల లెక్కన అద్దెకిచ్చే పాత ఇంటికే. పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్లు హాల్లో కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. హోటల్లో అయితే లైట్లార్పేసి గుసగుసలే. అడుగేస్తే కిర్రుమనే చెక్కమెట్లు, మందపాటి గోడలో లోతైన కిటికీ గూడు, అందులో ఎవరో సగం చదివి వదిలేసిన పుస్తకాలు... ఇవి హోటల్లో ఎక్కడ దొరుకుతాయి?

కాకపోతే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఆ మెట్లే టెన్షన్. లిఫ్ట్ ఉండకపోవచ్చు, బాత్రూమ్ ఒక్కటే కావచ్చు. రాత్రి గీజర్ మొరాయిస్తే ఫోన్ చేయడానికి రిసెప్షన్ ఉండదు.

ఒక్క రాత్రికైతే హోటలే నయం. ఇంటి క్లీనింగ్ ఫీజు ఎన్ని రోజులున్నా సాధారణంగా ఒకటే కాబట్టి, తక్కువ రోజులకి మోత మోగిపోతుంది. తాళం ఎవరిస్తారో, ఎన్నింటికిస్తారో బుక్ చేసేముందే అడగండి.