మాత్రలా, జామకాయలా, సబ్బా? సీసం పని చేసేవాళ్లకు ఏది మేలు?

మా బావమరిదికి విజయవాడ ఆటోనగర్‌లో బ్యాటరీల షెడ్డు ఉంది. పాత బ్యాటరీ విప్పి, ప్లేట్లు బయటికి లాగి, సీసం కరిగించి మళ్లీ పోత పోస్తాడు. పెళ్లై నాలుగేళ్లయింది, ఇంకా పిల్లల్లేరు. కిందటి నెల వీర్యపరీక్ష చేయిస్తే మిల్లీలీటరుకు 90 లక్షల శుక్రకణాలే వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో గీసిన కింది గీత 1 కోటి 60 లక్షలు. రిపోర్టుతో పాటు మందుల షాపువాడు అంటగట్టిన యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ డబ్బా కూడా పట్టుకొచ్చాడు.

"బావా, ఇవి వాడనా? లేకపోతే రోజూ జామకాయలు, బాదంపప్పులు తిననా? ఏది మేలు?"

అడుగుతున్నప్పుడు చేతిలో మిరపకాయ బజ్జీ ఉంది. గోళ్ల అంచుల్లో బూడిదరంగు గీత కనిపిస్తోంది. చేతులు కడుక్కునే వచ్చాడట.

ముందు ఈ డబ్బా సంగతి చూద్దాం. సీసం ఒంట్లోకి వెళ్తే ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెరుగుతుంది, అంటే కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు మితిమీరతాయి. వాటిని అణిచేవే విటమిన్ సి, ఇ లాంటి యాంటీఆక్సిడెంట్లు. శుక్రకణం పైపొరలో తేలిగ్గా పాడయ్యే కొవ్వులు ఎక్కువ, లోపల కాపాడుకునే ఎంజైములు తక్కువ. అందుకే ఆ దెబ్బ దానికి గట్టిగా తగులుతుంది. ఎలుకలకు సీసం పట్టించి విటమిన్ సి, ఇ ఇస్తే నష్టం తగ్గిందని బోలెడు ప్రయోగాలున్నాయి. ఈ డబ్బాలు అమ్ముడుపోయేది ఆ ఎలుకల పేరు మీదే.

మనుషుల మీద చేసిన పరీక్షలు అంత ఊరించవు. అమెరికాలో పిల్లల కోసం చికిత్సకు వచ్చిన 2370 జంటల్లో మగవాళ్లకు ఆరు నెలలు రోజూ 30 మి.గ్రా. జింక్, 5 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. ఫలితాలు 2020లో వచ్చాయి. మందు తిన్నవాళ్లలో 34 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తిన్నవాళ్లలో 35 శాతం మందికి పిల్లలు పుట్టారు. పైగా మందు తిన్నవాళ్ల కణాల్లో డీఎన్ఏ ముక్కలవడం కాస్త ఎక్కువే కనిపించింది, కడుపులో ఇబ్బందులూ ఎక్కువే. అదే ఏడాది విటమిన్ సి, ఇ, సెలీనియం, కార్నిటిన్, లైకోపీన్ అన్నీ కలిపిన మాత్రతో ఇంకో ట్రయల్ జరిగింది. దాంట్లోనూ తేడా లేదు. ఇవి సీసం పని చేసేవాళ్ల మీద చేసినవి కావు, నిజమే. కానీ నెలనెలా పదిహేను వందలు పోయాలంటే నాకు ఇంతకంటే గట్టి సాక్ష్యం కావాలి.

తిండి విషయానికొస్తే కాస్త మొగ్గు చూపొచ్చు. స్పెయిన్‌లో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకు 14 వారాలు రోజూ 60 గ్రాముల వాల్‌నట్లు, బాదం, హేజల్‌నట్లు పెడితే కౌంటు, కదలిక రెండూ మెరుగయ్యాయి. జామకాయ మన ఊళ్లో చవక. వంద గ్రాముల్లో 200 మి.గ్రా.కు పైగా విటమిన్ సి ఉంటుందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పట్టికలే చెబుతాయి. ఆ లెక్కన రోజుకు ఒక్క కాయ చాలు, విటమిన్ సి మాత్ర అక్కర్లేదు.

అయితే సీసం పని చేసేవాడికి తిండి వల్ల అసలు లాభం యాంటీఆక్సిడెంట్లలో లేదు. పేగుల్లో సీసం క్యాల్షియం, ఐరన్ వెళ్లే దారుల్లోనే దూరుతుంది. ఆ రెండూ తక్కువైన ఒంట్లోకి సీసం ఎక్కువగా ఎక్కుతుంది. ఖాళీ కడుపుతో మింగిన సీసం, భోజనంతో పాటు లోపలికెళ్లిన దానికంటే ఎన్నో రెట్లు రక్తంలో కలుస్తుంది. మావాడేమో పొద్దున్నే టీ నీళ్లు తాగి షెడ్డు తెరుస్తాడు, పదకొండింటికి గానీ టిఫిన్ ముట్టడు. రాగిజావో, పెరుగన్నమో తిని వెళ్తే ఆ క్యాప్సూల్ కంటే ఎక్కువ పని చేస్తుందని చెప్పాను. నమ్మలేదు. పెరుగన్నం మందెలా అవుతుందని నవ్వాడు.

మూడోది అతను అడగలేదు, నేనే ఎత్తాను: సబ్బు, మాస్కు, విడి బట్టలు. రక్తంలో సీసం డెసిలీటరుకు 40 మైక్రోగ్రాములు దాటితే వీర్యం దెబ్బతింటుందని బ్యాటరీ కార్మికుల మీద జరిగిన అధ్యయనాల్లో తేలింది. రోజూ కొత్త సీసం లోపలికి పోతుంటే జామకాయ ఎంత తిన్నా చిల్లు కుండలో నీళ్లే. షెడ్డు పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. కరిగించే చోట పొగ బయటికి లాగే ఫ్యాను, పొడి ఆపే అసలైన మాస్కు ఉండాలి. మొహానికి చుట్టుకునే కండువా మాస్కు కాదు. షెడ్డులో టీ, బజ్జీ, బీడీ ఏవీ వద్దు. బీడీ అయితే సీసానికి తోడు కాడ్మియం అనే ఇంకో విషలోహాన్ని కూడా లోపలికి పంపుతుంది. స్నానం చేసి, బట్టలు మార్చుకుని గానీ ఇంటికి రాకూడదు. ఇప్పటిదాకా ఆ బట్టలు దులిపి ఉతుకుతున్నది మా చెల్లెలు. రేపు కడుపు పండితే ఆమె ఒంట్లో సీసం నేరుగా బిడ్డకు చేరుతుంది. క్యాప్సూల్ మింగేది అతనైతే, పొడి పీల్చేది ఆమె. అది చెప్పాక నవ్వు ఆగింది.

ఇంకో మాట. వీర్యవృద్ధికని ఎవరో భస్మం పొట్లం ఇచ్చారట, అదీ చూపించాడు. నాగభస్మం అంటే సీసమే. 2008లో అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే ఐదింట ఒకదానిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉంది. అన్ని మందులూ అంతే అనను గానీ, ఏం కలిసిందో తెలియని పొట్లం ఇతనికి అస్సలు వద్దు. కొన్నిచోట్ల పసుపు రంగు తేలాలని లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలుపుతారు, కొమ్ములకూ పట్టిస్తారు కాబట్టి, విడిగా అమ్మే పసుపు కూడా మానేసి మెరుగు పెట్టని కొమ్ములు కొని దంచుకోమన్నాను.

డబ్బా తిరిగిచ్చేశాడు, షాపువాడు సగం డబ్బులే ఇచ్చాడు. ఆ డబ్బుకు ఇంకాస్త వేసి రక్తంలో సీసం పరీక్షకు ఇచ్చాం. అంకె మరీ ఎక్కువొస్తే సీసాన్ని బయటికి లాగే మందులు డాక్టరు చూస్తారు, అవి సొంతంగా వాడేవి కావు. శుక్రకణం తయారవడానికి 74 రోజులు, బయటపడే దారిలో ఇంకో రెండు వారాలు పడుతుంది. కాబట్టి వీర్యపరీక్ష మళ్లీ మూడు నెలలు దాటాకే. ఎముకల్లో పేరుకున్న సీసం కదలడానికి ఏళ్లు పడుతుంది గనక, ఆ రిపోర్టులో పెద్ద మార్పు లేకపోయినా కంగారుపడి ఇంకో డబ్బా కొనొద్దని ముందే ఒట్టు వేయించుకున్నాను.