ల్యాప్‌టాప్ ఫ్యాన్ ఆన్‌లైన్‌లో కొంటున్నారా? పాత ఫ్యాన్‌కి కొత్త స్టిక్కర్ వేసి పంపుతున్నారు, జాగ్రత్త

మా చెల్లి బీటెక్ మూడో సంవత్సరం. తన ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్లయింది. నెల కిందట దాని ఫ్యాన్ గరగరమనడం మొదలైంది. రెండు రోజులకు ఆ చప్పుడూ ఆగిపోయింది, ఎందుకంటే ఫ్యాన్ తిరగడమే మానేసింది. ఆన్ చేసిన పది నిమిషాలకే కీబోర్డు పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, దానంతట అదే ఆఫ్ అయిపోయేది. అవతల వారంలో ప్రాజెక్ట్ రివ్యూ. ఇంట్లో అందరికీ టెన్షనే.

హనుమకొండలో మేం ఎప్పుడూ వెళ్లే రిపేర్ షాపులో అడిగితే, ఆ ఫ్యాన్ తమ దగ్గర లేదు, హైదరాబాద్ నుంచి తెప్పించడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. ఆ తొందరలో నేను ఆన్‌లైన్‌లో వెతికాను. మోడల్ నంబర్ కొట్టగానే "ఒరిజినల్, కొత్తది, ఆరు నెలల వారంటీ" అంటూ 890 రూపాయలకు కనిపించింది. రెండు రోజుల్లో ఇస్తామన్నారు. ఆర్డర్ పెట్టేశాను.

అట్టపెట్టె కూడా లేకుండా బబుల్ కవర్లో చుట్టి పంపారు. ఫ్యాన్ మీద మెరిసే స్టిక్కర్, దాని మీద మా పాత ఫ్యాన్ మీదున్న పార్ట్ నంబరే. నాలుగు పిన్నుల కనెక్టర్ సరిపోయింది, స్క్రూ రంధ్రాలూ సరిపోయాయి. బిగించి, కొత్తగా థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని పైనున్న లోహపు భాగానికి చేరవేసే పూత) పెట్టినందుకు షాపులో 400 తీసుకున్నారు. ఒక రోజు బాగానే నడిచింది. రెండో రోజు నుంచి ఆన్ చేయగానే, ఫ్యాన్ సరిగా పనిచేయడం లేదని నల్ల స్క్రీన్ మీద హెచ్చరిక. ఎంటర్ నొక్కితే ముందుకు పోతుంది గానీ ప్రాసెసర్ వేడి 95 డిగ్రీలు దాటుతోంది. అంత వేడెక్కితే ప్రాసెసర్ పాడవకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. చిన్న ప్రోగ్రామ్ రన్ చేసినా చెల్లి అలా చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది.

మళ్లీ షాపుకే వెళ్లాం. ఆ అబ్బాయి ఫ్యాన్ విప్పి, టార్చ్ వేసి చూసి, "అన్నా, ఇది కొత్తది కాదు" అన్నాడు. రెక్కల చివర్లు శుభ్రంగా తుడిచారు గానీ, మొదళ్ల దగ్గర దుమ్ము నల్లగా గట్టిపడి ఉంది. గోటితో స్టిక్కర్ మూల లేపితే కింద ఇంకో స్టిక్కర్! దాని మీద వేరే నంబర్. మా అసలు ఫ్యాన్ 5 వోల్టులు, 0.5 ఆంపియర్లు. కింద దాచిన స్టిక్కర్ మీద 5 వోల్టులు, 0.28 ఆంపియర్లు. అంటే మోటారే వేరు. డబ్బు కన్నా, చదువుకునే పిల్ల మెషీన్‌తో ఇలా ఆడుకున్నారన్నదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

పిన్నులు సరిపోయాయి, తిరుగుతోంది కదా అని సరైన ఫ్యాన్ అనుకోవద్దు. నాలుగు తీగల్లో రెండు కరెంటుకు. ఒకదాని మీద ఎంత వేగంగా తిరగాలో మదర్‌బోర్డు చెబుతుంది, ఇంకోదాని మీద ఎంత వేగంగా తిరుగుతోందో ఫ్యాన్ చెబుతుంది. ఆ రెంటికీ పొంతన కుదరకపోతే మాకు వచ్చినట్టే హెచ్చరిక వస్తుంది.

ఫ్యాన్ కొనేవాళ్లు ల్యాప్‌టాప్ మోడల్ పేరు చూసి కొనకండి. ఒకే మోడల్లో కూడా ప్రాసెసర్‌ని బట్టి, గ్రాఫిక్స్ కార్డును బట్టి ఫ్యాన్ మారుతుంది. రెండు ఫ్యాన్లుంటే కుడిది వేరు, ఎడమది వేరు. ముందు పాతది విప్పించి, దాని మీద నంబర్, వోల్టులు, ఆంపియర్లు ఫోటో తీసుకోండి. పార్సిల్ తెరిచేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. బిగించకముందే రెక్కల మొదళ్లు చూడండి, స్టిక్కర్ మందంగా ఉందేమో తడిమి చూడండి, వేలితో తిప్పితే ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. ఇదంతా బిగించకముందే ఎందుకంటే, చాలా ల్యాప్‌టాప్‌లలో ఫ్యాన్ తీయాలంటే హీట్ సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే ఆ లోహపు భాగం) కూడా లేపాలి. లేపిన ప్రతిసారీ పేస్ట్ కొత్తగా పెట్టాల్సిందే, కూలీ మళ్లీ ఇవ్వాల్సిందే.

అమ్మినవాళ్లను అడిగితే "బిగించాక రిటర్న్ లేదు" అన్నారు. ఆ మాటకు భయపడి వదిలేయకండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న వస్తువును, నకిలీని, ప్రకటనలో చెప్పినట్టు లేనిదాన్ని వెనక్కి తీసుకోబోమనడానికి వీల్లేదు. నేను రెండు స్టిక్కర్ల ఫోటోలు పెట్టి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. మూడు వారాలకు 890 తిరిగి వచ్చాయి. రెండుసార్లు ఇచ్చిన కూలీ మాత్రం పోయినట్టే.

చివరికి మా షాపు అబ్బాయే పాత ఫ్యాన్ పట్టుకెళ్లి, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో పక్కపక్కన పెట్టి పోల్చి 1,150కి తెచ్చాడు. ఇప్పుడు హెచ్చరిక రావడం లేదు, వేడి 70 దగ్గరే ఉంటోంది.

నిన్న మళ్లీ వెతికి చూశాను. అదే ఫోటో, అదే 890 ధర, అమ్మేవాళ్ల పేరు మాత్రం మార్చారు. ఫోటోలో ఫ్యాన్ కింద గళ్ల గళ్ల నీలం షీట్ ఉంటుంది, తీగ కుడివైపు చుట్టి ఉంటుంది. కనిపిస్తే కొనకండి.