పక్క నంబరు ఫొటోలు: లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భాండాగారంతో ఆరేళ్లు

అమెరికా ప్రభుత్వం 1935 నుంచి 1944 వరకు ఫొటోగ్రాఫర్లను జీతాలిచ్చి ఊళ్ల మీదికి పంపి, జనం పనిపాటలను తీయించింది. ఆ సుమారు 1,75,000 నలుపు తెలుపు నెగటివ్‌లూ, దాదాపు 1,600 రంగు ఫొటోలూ అక్కడి ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. అంతర్జాలంలో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఫొటోగ్రఫీ పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి ఆరేళ్లుగా వారానికి రెండు మూడు సార్లయినా దీన్ని తెరుస్తున్నాను.

మొదటి ఏడాది నేనూ అందరిలాగే డొరోతియా లాంగ్ 1936లో తీసిన 'వలస తల్లి' వంటి పేరుమోసిన ఫొటోల దగ్గరే ఆగిపోయాను. ఒక ఫొటోకు అటూ ఇటూ ఉన్న నంబర్లను వరసగా చూపించే సదుపాయం అలవాటయ్యాకే అసలు సరుకు చేతికందింది. 1943 ఏప్రిల్‌లో జాక్ డెలానో అయోవా రాష్ట్రంలోని క్లింటన్‌లో, రైలింజన్ల షెడ్డులో ఇంజన్లు తుడిచే స్త్రీలను రంగుల్లో తీశాడు. యుద్ధకాలంలో మగవాళ్ల పనుల్లోకి వచ్చినవాళ్లు వీళ్లు. ఒకదానిలో తలగుడ్డలు కట్టుకుని బల్ల చుట్టూ చేరి మధ్యాహ్న భోజనం చేస్తుంటారు. మరొకదానిలో ఒకామె పొగలు కక్కే ఆవిరి గొట్టంతో కొండంత ఇంజనుకు స్నానం చేయిస్తుంటుంది. లోకోషెడ్డులో ఉద్యోగం చేసిన మా నాన్నగారికి చూపిస్తే, "ఇది క్లీనర్ల పని, ఆ మసి ఓ పట్టాన వదలదు" అన్నారు.

కొన్ని ఫొటోల్లో ముఖం మీదో ఆకాశంలోనో గుండ్రటి నల్లమచ్చ కనిపిస్తుంది. అది స్కాన్ లోపం కాదు. ఈ ఫొటోల పనికి అధిపతిగా ఉన్న రాయ్ స్ట్రైకర్ తొలి సంవత్సరాల్లో తనకు నచ్చని నెగటివ్‌లకు చిల్లు పొడిపించేవాడు. ఆ చిల్లే ఇలా నల్లగా వస్తుంది. తీసినవాళ్లకు ఎంత కడుపు మండిందో ఊహించుకోవచ్చు. అయితే నా విద్యార్థులు ఎక్కువసేపు వాదించుకునేది ఈ ఫొటోల మీదే.

వెతకడానికి కొంత ఓపిక కావాలి. అప్పట్లో ప్రింటు వేయని నెగటివ్‌లు చాలావరకు వివరణ లేకుండానే మిగిలిపోయాయి. అవి మాటలతో వెతికితే దొరకవు, నంబరు వెంట నడవాల్సిందే. వివరణలున్న చోట కూడా భాష ఆ కాలానిది. నల్లజాతివారి ఫొటోలు కావాలంటే ఇప్పుడు ఎవరూ వాడని 'నీగ్రో' అనే మాటతోనే వెతకాలి.

దింపుకొనే టిఫ్ (నాణ్యత తగ్గని పెద్ద బొమ్మ) ఫైళ్లలో వంద మెగాబైట్లు దాటేవీ ఉన్నాయి, గోడకు తగిలించే సైజులోనూ చెక్కుచెదరవు. ప్రభుత్వం తీయించినవి కాబట్టి ప్రింటు వేసుకోవడానికి హక్కుల బెడదా లేదు. నాకు చేటు జరిగింది ఇక్కడి ప్రింటింగ్ షాపులోనే: కాగితానికి సరిపోలేదని ఆ స్త్రీల భోజనం ఫొటోలో బల్ల అంచును కత్తిరించేశారు. అప్పటినుంచి చుట్టూ అంగుళం తెల్ల అంచు చేర్చాకే ఫైలు ఇస్తున్నాను.