ఇంట్లో వాడే పల్స్ ఆక్సీమీటర్: కొనండి, కానీ లెక్క మీరే పెట్టండి

రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపించే, వేలికి తగిలించే ఆక్సీమీటర్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: తెర మీద అంకెలతో పాటు నాడికి తగ్గట్టు కదిలే గీత కూడా ఉందా? కాస్త ఎక్కువైనా ఆ మోడలే తీసుకోండి. గీత ఒక లయ లేకుండా చిందరవందరగా వస్తుంటే పక్కన 97 చూపించినా దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. మణికట్టు దగ్గర నాడి పట్టి చూడండి. అది మీటరు చూపే పల్స్‌తో కలవకపోతే ఆక్సిజన్ అంకె కూడా తప్పే అనుకోవాలి.

660, 940 నానోమీటర్ల (ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్) కాంతి వేలి గుండా ఎంత దాటి వచ్చిందో కొలవడమే దీని పని. అందుకే చేతులు చల్లబడినా, బీపీ పడిపోయినా, నల్ల నెయిల్ పాలిష్ ఉన్నా తడబడుతుంది. చేయి రుద్ది వెచ్చబరిచి, కదపకుండా ఉంచి, అంకె నిలకడగా వచ్చేదాకా ఓ నిమిషం ఆగాలి. మూసిన గదిలో జనరేటర్ పొగ పీల్చినవాళ్లకైతే ప్రాణం మీదికొచ్చినా 98 చూపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌ పట్టిన రక్తాన్ని ఆక్సిజన్ ఉన్న రక్తం నుంచి ఇది విడదీయలేదు.

అసలు లోటు వేరే ఉంది. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటున్న సంగతి దీనికి తెలియదు. మాస్కుతో ఆక్సిజన్ పెట్టిన మనిషి నిమిషానికి 8 సార్లే ఊపిరి తీస్తూ మత్తుగా జోగుతున్నా తెర మీద 96 ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉండిపోయేది సరిగ్గా అక్కడే.

కాబట్టి రోగికి చెప్పకుండా, ఛాతీ చూస్తూ, నిండా 60 సెకన్లు శ్వాస లెక్కపెట్టండి. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. 25 దాటినా, 8కి దిగినా మీటరు ఏం చెప్తోందని చూడకుండా 108కి ఫోన్ చేయండి. ఒక్క వాక్యం పూర్తిచేయలేకపోవడం, ఊపిరి కోసం మెడ కండరాలు బిగుసుకోవడం, ఊపిరి తీసినప్పుడు పొట్ట లోపలికి పోవడం కూడా అంతే ప్రమాదం. ఆస్తమా పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి నీరసించిపోతే తగ్గిందని సంబరపడకండి, గాలే ఆడటం లేదన్నమాట.

సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లకు సాధారణంగా ఆక్సిజన్ 88 నుంచి 92 చాలంటారు. డాక్టరు చెప్పిన అంకె దాటించి, 99 రావాలని సిలిండర్ తిప్పేయకండి.

పెద్దల క్లిప్పు పసిపిల్లల వేలికి పనికిరాదు. వాడనప్పుడు బ్యాటరీలు తీసి ఉంచండి, లీకైతే స్ప్రింగులు తుప్పు పడతాయి.