పదిహేనేళ్లు వాడిన బ్లాగు: ఒక లెక్కల టీచర్ సమీక్ష

మిక్సీని ఆరు నెలలు వాడి దాని మీద పేజీ రాసేవాళ్లున్నారు. బ్లాగును పదిహేనేళ్లు వాడి, పనికొచ్చిందా లేదా చెప్పినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. చాలామంది మూడో ఏడాదికే ఆపేస్తారు. ఆపేసినవాళ్లు ఆ సంగతి చెప్పడానికి మళ్లీ అక్కడికి రారు కదా. నేను ఆపేసి, మళ్లీ మొదలుపెట్టి, ఇంకోసారి ఆపి, ఇప్పుడు నడుపుతున్నదాన్ని. ఆ మాత్రం అనుభవంతో రాస్తున్నాను.

నేనుండేది కర్నూలు. కోడుమూరు వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పొద్దున గంటకు పైగా, సాయంత్రం గంటకు పైగా బస్సు. ఇంట్లో మా ఆయన, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. తీరిక ఎంతుంటుందో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

బ్లాగు మొదలైంది వరద వల్ల. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చిన సంగతి కర్నూలువాళ్లు ఎవరూ మరిచిపోరు. మా అమ్మవాళ్ల ఇల్లు పాత ఊళ్లో, నదికి దగ్గర. నీళ్లు మొదటి అంతస్తు దాకా వచ్చాయి. ఇంటర్ నుంచి నేను రాసుకున్న తొమ్మిది డైరీలు కింది గదిలో ఇనప ట్రంకుపెట్టెలోనే ఉండిపోయాయి. బురద ఎత్తిపోశాక పెట్టె తెరిస్తే ఒక్కొక్కటీ ఇటుకలా బిగుసుకుపోయి ఉంది. కూరగాయల కత్తి తీసుకుని పేజీలు విడదీద్దామని కూర్చున్నాను. ఒక్క పేజీ చిరగకుండా వచ్చింది. పైన అచ్చులో తేదీ, వారం, రాహుకాలం అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కింద నేను రాసిందంతా లేత నీలం మరక. "రాహుకాలం మిగిలిందమ్మా, నేనే పోయినాను" అన్నాను. అమ్మ నవ్వింది. వరద తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి.

కాగితం ఇక వద్దనుకుని 2010 జనవరిలో బ్లాగు తెరిచాను. నేను వాడేది బ్లాగర్. 1999లో మొదలైంది, 2003లో గూగుల్ కొనుక్కుంది, ఇప్పటికీ పైసా తీసుకోదు. (మన రైతుబజార్లు మొదలైందీ 1999లోనే. ఈ రెంటికీ సంబంధం లేదు గానీ, నా విషయంలో కలిశాయి. ఎలాగో తర్వాత చెప్తాను.) అప్పట్లో మా ఇంట్లో కంప్యూటర్ లేదు. రాజ్‌విహార్ దగ్గర నెట్ సెంటర్‌లో గంటకు పదిహేను రూపాయలిచ్చి కూర్చునేదాన్ని. లేఖిని అనే సైటులో ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది, దాన్ని కాపీ చేసి తెచ్చి బ్లాగులో అతికించాలి. తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలి సైటు తెరిస్తే కొత్త టపాల (పోస్టుల) వరసలో మనదీ కనపడేది. దాన్ని చూసుకోవడానికే ఇంకో పావుగంట డబ్బు కట్టిన రోజులున్నాయి. డిసెంబరు రెండో ఆదివారం తెలుగు బ్లాగుల దినోత్సవం అని జరుపుకునేవాళ్లు. నేను వెళ్లింది లేదు గానీ, ఆ రోజు మాత్రం తప్పకుండా ఒక టపా వేసేదాన్ని, పండగకు కొత్త బట్ట కట్టినట్టు.

మొదటి ఏడాది అరవైకి పైగా రాశాను. రెండో ఏడాది ముప్పై. 2012లో ఏడు. 2013లో ఒక్కటి, అందులో ఉన్నదేమిటంటే "ఇకనుంచి క్రమం తప్పకుండా రాస్తాను" అని. ఆగిపోయిన ఏ బ్లాగు తెరిచినా ఆఖరి టపా ఇదే ఉంటుంది, కావాలంటే చూసుకోండి. 2014, 2015 పూర్తిగా ఖాళీ.

ఎవరడిగినా టైం లేదనేదాన్ని. రెండో కాన్పు, ట్రాన్స్‌ఫర్, పదో తరగతి రిజల్ట్స్ టెన్షన్. అన్నీ నిజాలే. అందుకే ఆ మాట నేనే నమ్మాను. కానీ ఆ మూడేళ్లూ ఫేస్‌బుక్‌లో రోజూ ఉన్నాను. నాలుగు ముక్కలు రాస్తే సాయంత్రానికి నలభై లైకులు. బ్లాగులో నాలుగు పేజీలు రాస్తే వారానికి ఒక వ్యాఖ్య, అదీ "బాగుందండి" అని.

2016 ఆఖరులో చవకగా డేటా వచ్చింది, బస్సులో ఫోన్ తీసే అలవాటూ వచ్చింది. మరుసటి ఏడాది గూగుల్ కీబోర్డులో తెలుగులో మాట్లాడితే టైప్ అయ్యే సదుపాయం వచ్చాక నా బ్లాగుకు ప్రాణం వచ్చింది. పనికొచ్చిన వస్తువు ఏదైనా ఉందంటే ఇదే. అయితే బస్సు రొద ఒకవైపు, నా యాస ఒకవైపు. "హంద్రీ నిండింది" అంటే "అందరి నిండింది" అని వచ్చేది. "పొద్దున ఉగ్గాని తిన్నాం" అంటే "పొద్దున ఉగాది తిన్నాం". సరిచూసుకోకుండా ఒకసారి అలాగే వేసేశాను. మా స్టాఫ్‌రూంలో ఇప్పటికీ టిఫిన్ టైంలో "మేడం, ఉగాది తిన్నారా?" అంటారు.

ఒకరోజు సాయంత్రం గొంతు తగ్గించి ఫోన్‌కు చెప్పుకుంటుంటే పక్కసీటు అవ్వ చాలాసేపు చూసి, "ఎవరితో మాట్లాడుతుండావమ్మా, అవతల ఎవరూ పలుకుతున్నట్టు లేదే" అంది. ఫోన్ రాసుకుంటుందవ్వా అన్నాను. "అట్లయితే నాది గూడా రాసుకోమను" అని మొదలుపెట్టింది. ముప్పై బాక్సుల టమాటాలు పత్తికొండ మార్కెట్‌కు తోలితే బండి బాడుగ కూడా రాలేదట. మిగతావి రోడ్డు పక్కన పోసి వచ్చారట. కొడుకు మళ్లీ అదే పంట వేస్తానంటున్నాడట. ఆమె దిగేదాకా చెప్తూనే ఉంది. ఆ రాత్రి దాన్ని సరిచేసి వేశాను. మరుసటి ఆదివారం సి.క్యాంపు రైతుబజారులో టమాటా ఎంతుందో కావాలని చూశాను. కిలో పన్నెండు. అవ్వకు బాడుగ రాలేదు, నాకు పన్నెండు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన వేసి ఇంకో టపా రాశాను.

అప్పట్నుంచి పద్ధతి మారింది. ప్రతి ఆదివారం రైతుబజారు బోర్డు ముందు నిలబడి ఫొటో తీస్తాను. అందులోంచి ఎనిమిది కూరగాయల ధరలు టపా పైభాగంలో. కింద ఆ వారం బస్సులోనో బడిలోనో జరిగిన ఒక సంగతి. ఒక్కటే, రెండు కాదు. రాయడానికి ఏమీ తోచని వారాల్లో కూడా వంకాయకు ఒక ధర ఉంటుంది. సగం పేజీ ముందే నిండి ఉంటే మిగతా సగానికి చెయ్యి దానంతటదే సాగుతుంది. తెల్ల పేజీ ముందు కూర్చుని గొప్ప ఆలోచన కోసం చూసిన రోజుల్లోనే నా బ్లాగు ఆగిపోయింది.

లెక్కల మనిషిని కాబట్టి ఒక నెలంతా గడియారం పెట్టుకుని చూశాను. ధరలు ఎక్కించడానికి అయిదారు నిమిషాలు. బస్సులో చెప్పడం పాతిక. ఇంటికొచ్చి తప్పులు దిద్దడం పదిహేను. ఫొటో, శీర్షిక అయిదు. మొత్తం యాభై నిమిషాలు, వారానికి. అందులో పాతిక ఎలాగూ బస్సులో పోయేదే. ఇంకోవైపు 2011లో బ్లాగు రంగులు, పక్క పట్టీలు మార్చడానికి నేను మూడు ఆదివారాలు తగలబెట్టాను. అయ్యాక చూస్తే ముందుదే బాగుందనిపించింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా మాట ఒకటే: వచ్చిన టెంప్లేట్‌ను అట్లాగే ఉంచేయండి, చెయ్యి పెట్టకండి.

టైం లేకపోవడం అసలు జబ్బు కాదని నాకు 2020లో రుజువైంది. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. ఏప్రిల్‌లో రాష్ట్రంలో కేసులు ఎక్కువగా ఉన్న జిల్లా మాదే. గడప దాటింది లేదు. బడి లేదు, బస్సు లేదు. పదేళ్లుగా అడుగుతున్న టైం మొత్తం ఒక్కసారిగా చేతికొచ్చింది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నేను రాసిన టపాలు మూడు. పక్కసీటు లేదు, బోర్డు లేదు, ఆదివారానికీ బుధవారానికీ తేడా లేదు. భయం కూడా ఒక కారణమే, కాదనను. కానీ నవంబరులో తుంగభద్ర పుష్కరాలు వచ్చేసరికి, కరోనా నిబంధనల మధ్యే అయినా, ఊళ్లో కొంచెం కదలిక వచ్చింది. ఘాట్ దాకా వెళ్లి వచ్చి ఆ రాత్రే రాశాను. తీరిక అప్పటికే తగ్గిపోయింది, ఆన్‌లైన్ క్లాసులు మొదలైపోయాయి.

చదివేవాళ్ల సంగతి. నా టపాలకు మామూలుగా ముప్పై నలభై వీక్షణలు. అందులో కొన్ని నేనే తెరిచి చూసుకున్నవి. ఒకసారి అత్తమ్మ ఆపరేషన్ వల్ల నాలుగు వారాలు రాయలేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే ఒక అబ్బాయి మెయిల్ పెట్టాడు: "అక్కా, నెలైంది, అంతా బాగుండారా?" వాళ్లది పత్తికొండ దగ్గర పల్లె, నాయన టమాటా రైతు. ధరల కోసం చూస్తున్నావా తమ్ముడూ అని రాశాను. "ధరలు మా నాయన ఫోన్‌లో చెప్తాడక్కా. నేను చదివేది మీ బస్సు సంగతులు" అని జవాబు. ఏడు సంవత్సరాలుగా నేను పై సగం జనానికనీ, కింది సగం నా సరదాకనీ అనుకుంటున్నాను. అతనికేమో తిరగేసి ఉంది.

ఆ తర్వాత వారం ఎగ్గొట్టడం కష్టమైంది. ఒకరు ఎదురుచూస్తున్నారని తెలిస్తే సోమవారం పొద్దున కడుపులో ఏదో గుచ్చుకుంటుంది. నలభై మంది చూశారని చూపించే అంకెకు ఆ శక్తి లేదు.

ఇక దెబ్బలు. 2017లో మోజుపడి బ్లాగుకు సొంత వెబ్ పేరు (డొమైన్) కొన్నాను, ఏడాదికి ఎనిమిది వందల చిల్లర. రెండేళ్లయ్యాక బ్యాంకు కార్డు మారింది, గడువు గుర్తుచేసే మెయిళ్లు స్పామ్‌లో పడ్డాయి, పేరు పోయింది. నెల తర్వాత ఎవరో దాన్ని తీసుకుని పేకాట ప్రకటనలు పెట్టారు. నా పేరు కొడితే రమ్మీ! తిరిగివ్వడానికి అడిగిన డబ్బుతో బంగారు కమ్మలొస్తాయి. వదిలేసి పాత ఉచిత చిరునామాకే వచ్చేశాను. డబ్బు పెడితే బాధ్యత పెరుగుతుందని అందరూ అంటారు గానీ, నా విషయంలో ఒక్క టపా కూడా పెరగలేదు.

రెండో దెబ్బ ఫొటోలు. మొదటి మూడేళ్లవి ఒక ఉచిత సైటులో పెట్టి ఇక్కడ లింకు ఇచ్చేదాన్ని. ఆ సైటు మూతపడింది. ఇప్పుడు ఆ టపాల్లో "కింద చూడండి, మా వీధిలో బురద గుర్తు ఎంత ఎత్తుందో" అని ఉంటుంది, కింద ఖాళీ గడి ఉంటుంది. నీళ్లకు పోయిన డైరీల బదులు మొదలుపెట్టినదాంట్లో, ఆ నీళ్ల ఫొటోలే పోయాయి.

అందుకని ఇప్పుడు మూడు నెలలకోసారి సెట్టింగుల్లోకి వెళ్లి బ్యాకప్ దింపుకుంటాను. ఒక విషయం గమనించండి: ఆ ఫైలులో అక్షరాలు వస్తాయి, ఫొటోలు రావు. ఫొటోలు విడిగా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. ఏడాది చివర టపాలన్నీ జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయిస్తున్నాను. మళ్లీ కాగితానికే వచ్చావు కదా అని మా ఆయన వెక్కిరిస్తాడు. ఈసారి మేడ మీద గదిలో, పై అరలో పెట్టాను.

పనికొచ్చే ఇంకో సంగతి, టపాను ముందే రాసి పెట్టి ఫలానా రోజు, ఫలానా గంటకు రావాలని చెప్పొచ్చు. పరీక్షల నెలలో రెండు మూడు అలా పెట్టేస్తాను. ధరలు మాత్రం ఆదివారం పొద్దున ఎక్కించాల్సిందే. 2023 జూలైలో టమాటా బయట వంద దాటి, ప్రభుత్వం రైతుబజారులో యాభైకి ఇచ్చినప్పుడు క్యూలో నిలబడే ఫోన్‌లో టపా వేశాను. నా వంతు వచ్చేలోపు రాయడం పూర్తయింది. నా బ్లాగులో అన్నిటికన్నా ఎక్కువమంది చదివింది అదే. బస్సు అవ్వ ఆ ఏడాది టమాటా వేసిందో లేదో!

మార్కులు వేయమంటే అయిదుకు మూడున్నర. ఒక మార్కు వెతకడానికి పోయింది. 2012లో రాసినది కావాలంటే నాకే దొరకదు, లేబుళ్లు ఒక పద్ధతిలో పెట్టుకోకపోవడం నా తప్పే అనుకోండి. అర మార్కు ఆ ఖాళీ గడులకు. పేరు కోసమో డబ్బు కోసమో అయితే ఇది మీకు పనికిరాదు, వీడియోలు చేసుకోండి. రోజూ రాస్తానని ఒట్టు పెట్టుకునేవాళ్లకూ పనికిరాదు. ఆ ఒట్టు నేను మూడుసార్లు పెట్టాను, పదకొండు రోజులు దాటలేదు. వారానికి ఒక్కసారి ఎలాగూ వెళ్లే చోటు ఒకటుండి, అక్కడ చూసి రాయగలిగే వస్తువు ఒకటుంటే మొదలుపెట్టొచ్చు. గుడి కావచ్చు, పొలం కావచ్చు, కటింగ్ షాపు కావచ్చు.

మా అత్తమ్మకు చూపు ఆనదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక టపా చదివి వినిపించమంటుంది. కథ విని ఊరుకుంటుంది. ధరల దగ్గర మాత్రం ఆపుతుంది. పోయిన వారం "బీరకాయ ముప్పై ఆరు" అని చదివాను. "ముప్పై ఆరు యాడిది? ఇరవై ఆరుకు కదా నువ్వు తెచ్చింది, సంచిలో చీటీ ఉండె చూడు" అంది. లేచి వెళ్లి బోర్డు ఫొటో పెద్దది చేసి చూశాను. ఇరవై ఆరే. దిద్దేసి వచ్చేసరికి ఆమె నిద్రపోయింది.