మిథ్‌టీవీ స్టోరేజ్ గ్రూపులు: రెండు మూడు ఎక్స్‌టర్నల్ డిస్కులున్న చిన్న రికార్డింగ్ కంప్యూటర్‌కు ఎంతవరకు సరిపోతాయి

టీవీ ప్రసారాలను రికార్డు చేయడానికి ఇంట్లో ఒక చిన్న కంప్యూటర్ పెట్టుకున్నవారికి కొద్ది కాలానికే ఎదురయ్యే ఇబ్బంది స్థలం చాలకపోవడం. హెచ్‌డీ చానెల్ సెకనుకు 8 నుంచి 10 మెగాబిట్ల వేగంతో వస్తే గంట కార్యక్రమానికి సుమారు 4 జీబీ పడుతుంది. అమెరికా వంటి దేశాల్లోని ఏటీఎస్‌సీ డిజిటల్ ప్రసారమైతే గరిష్ఠ వేగం 19.39 మెగాబిట్లు కాబట్టి గంటకు 8.7 జీబీ దాకా పోతుంది. ఇలాంటి చిన్న పెట్టెల్లో లోపల హార్డ్ డిస్క్ బిగించే చోటు సాధారణంగా ఉండదు. అందువల్ల యూఎస్‌బీ డిస్కు ఒకటి తగిలిస్తాము, అది నిండగానే ఇంకొకటి తగిలిస్తాము. ఏ రికార్డింగ్ ఏ డిస్కులోకి వెళ్లాలి, ఒక డిస్కు కనిపించకుండా పోతే మిగిలినవాటి సంగతి ఏమిటి అన్న ప్రశ్నలు అప్పుడు మొదలవుతాయి. టీవీ కార్యక్రమాలను లైనక్స్ కంప్యూటర్‌లో రికార్డు చేసే మిథ్‌టీవీ ప్రోగ్రాంలో 2008లో వచ్చిన 0.21 వెర్షన్ నుంచి ఉన్న స్టోరేజ్ గ్రూపులు ఈ మొదటి ప్రశ్నకు నేను చూసినవాటిలో అన్నిటికంటే చక్కని సమాధానం. రెండో ప్రశ్నకు మాత్రం వాటి దగ్గర సగం సమాధానమే ఉంది. మిగిలిన సగాన్ని లైనక్స్‌లో మనమే అమర్చుకోవాలి.

స్టోరేజ్ గ్రూప్ అంటే కొన్ని ఫోల్డర్ల జాబితా, అంతకు మించి ఏమీ లేదు. ఒక్కో డిస్కులో ఒక్కో ఫోల్డర్‌ను ఆ జాబితాలో చేరిస్తే, రికార్డింగ్ మొదలయ్యే క్షణంలో ఏ డిస్కు తగినదో ప్రోగ్రామే చూసుకుని అక్కడ ఫైలును తెరుస్తుంది. ఒక రికార్డింగ్ పూర్తిగా ఒకే డిస్కులో ఉంటుంది, రెండింటి మధ్య చీలదు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చినది ఇంకొకటి ఉంది. డేటాబేసులో నమోదయ్యేది ఫైలు పేరు మాత్రమే, అది ఏ డిస్కులో ఉందన్న దారి కాదు. 1041_20240512143000 వంటి పేరుతో, అంటే చానెల్ సంఖ్య, ఆ తర్వాత యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కలో తేదీ, సమయం కలిపి, ఫైలు తయారవుతుంది. దాన్ని ప్లే చేయమన్నప్పుడు గ్రూపులోని ఫోల్డర్లన్నీ వెతికి ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తీసుకుంటుంది. కాబట్టి ఒక డిస్కు పాడయ్యే సూచనలు కనిపించినప్పుడు అందులోని ఫైళ్లను ఇంకో డిస్కులోని గ్రూప్ ఫోల్డర్‌కు తరలిస్తే చాలు. ఏ సెట్టింగూ మార్చకుండానే అవన్నీ మునుపటిలాగే ప్లే అవుతాయి. ఈ తరలింపును ప్రోగ్రాం లోపలి నుంచే చేసే మెనూ ఉంటే ఇంకా బాగుండేది.

డిస్కులన్నిటినీ లైనక్స్‌లోని ఎల్‌వీఎం అనే సౌకర్యంతో కలిపి ఒకే పెద్ద డిస్కుగా చూపించడం చాలామందికి తోచే ఇంకో మార్గం. యూఎస్‌బీ డిస్కుల విషయంలో ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతాను. ఒక కేబుల్ వదులైతే మొత్తం ఫైల్ సిస్టమే ప్రమాదంలో పడుతుంది. వేర్వేరు డిస్కుల్లోని ఫోల్డర్లను ఒకే ఫోల్డర్‌గా చూపించే మెర్జర్‌ఎఫ్‌ఎస్ అంత ప్రమాదకరం కాదు. దాని కింద ప్రతి డిస్కూ విడిగా చదవగలిగే స్థితిలోనే ఉంటుంది. టీవీహెడ్‌ఎండ్ అనే మరో రికార్డింగ్ ప్రోగ్రాంలో ఒక్కో రికార్డింగ్ ప్రొఫైల్‌కు ఒకే ఫోల్డర్ ఇవ్వగలము కాబట్టి అక్కడ మెర్జర్‌ఎఫ్‌ఎస్ నిజంగా ఉపకరిస్తుంది. మిథ్‌టీవీ కింద పెడితే మాత్రం ఏ డిస్కులో ఎంత ఖాళీ ఉందన్న సమాచారం ప్రోగ్రాంకు అందకుండా పోతుంది, స్టోరేజ్ గ్రూపుల ప్రయోజనమే దెబ్బతింటుంది.

డిస్కును ఎంచుకునే పద్ధతిని మనం నిర్ణయించవచ్చు. ఖాళీ జీబీలను బట్టి, ఖాళీ శాతాన్ని బట్టి, డిస్కు మీద అప్పటికే ఉన్న పనిని బట్టి, ఇవన్నీ కలిపి అనే పద్ధతులు ఉన్నాయి. పనిని బట్టి పంచే పద్ధతి వినడానికి తెలివైనదిగా ఉంటుంది, కానీ ఇలాంటి పెట్టెకు దాని అవసరం అరుదు. సెకనుకు 10 మెగాబిట్ల ప్రసారాలు రెండు ఒకేసారి రికార్డవుతున్నా డిస్కు మీద పడే భారం సెకనుకు 2.5 మెగాబైట్లే, వరుసగా రాసేటప్పుడు మామూలు హార్డ్ డిస్కు దాదాపు 100 మెగాబైట్లు తట్టుకుంటుంది. అసలు చిక్కు పరిమాణాల తేడాలో ఉంది. సగానికి పైగా నిండిన 1 టీబీ డిస్కు పక్కన కొత్తగా 4 టీబీ డిస్కు తగిలిస్తే, ఖాళీ జీబీల పద్ధతిలో చాలా కాలం పాటు అన్ని రికార్డింగులూ ఆ కొత్త డిస్కులోకే వెళతాయి. కొత్త డిస్కుల్లో లోపం ఉంటే అది తరచుగా మొదట్లోనే బయటపడుతుంది కాబట్టి, తాజా రికార్డింగులన్నీ ఇంకా పరీక్షకు నిలవని ఒకే డిస్కులో చేరడం నాకు ఇష్టం ఉండదు. పరిమాణాలు సమానం కానప్పుడు శాతం పద్ధతిని ఎంచుకుంటే ఆ కాలం తగ్గుతుంది.

పాత రికార్డింగులను దానంతట అదే తొలగించే ఆటో ఎక్స్‌పైర్ సౌకర్యం కూడా ఒక్కో ఫైల్ సిస్టమ్‌ను విడిగానే లెక్కిస్తుంది. అది సరైన పద్ధతే, కానీ దాని పర్యవసానాన్ని ముందే ఊహించాలి. తొలగించవద్దని గుర్తు పెట్టిన సినిమాలన్నీ కాలక్రమంలో ఒకే డిస్కులో పేరుకుంటే, అక్కడ తొలగించడానికి ఏమీ మిగలదు, ఆ డిస్కు కొత్త రికార్డింగులకు పనికిరాకుండా పోతుంది, రోజువారీ భారమంతా మిగిలిన డిస్కు మీద పడుతుంది. శాశ్వతంగా ఉంచుకోవాలనుకున్నవాటిని అప్పుడప్పుడు డిస్కుల మధ్య సర్దుతూ ఉంటే ఈ పరిస్థితి రాదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం, డిస్కు కనిపించకుండా పోవడం. ఇక్కడ మిథ్‌టీవీ మీద నాకు నిజమైన ఫిర్యాదు ఉంది. ఒక డిస్కు మౌంట్ కాకపోయినా, అంటే ఒక ఫోల్డర్‌గా సిస్టమ్‌కు జతకాకపోయినా, తెర మీద ఏ హెచ్చరికా రాదు. జాబితాలో పేర్లన్నీ యథాతథంగా కనిపిస్తాయి. ఒకదాన్ని నొక్కినప్పుడే ఫైలు లేదని తెలుస్తుంది. రికార్డింగ్ మాత్రం ఆగదు. డిస్కు జతయ్యే ఆ మౌంట్ ఫోల్డర్‌నే నేరుగా గ్రూపులో చేర్చి ఉంటే, డిస్కు లేనప్పుడు కూడా ఆ ఖాళీ ఫోల్డర్ మెమరీ కార్డు మీద ఉంటుంది, రాయడానికి అనుమతి కూడా ఉంటే రికార్డింగులు కార్డులోకి పోయి కొన్ని గంటల్లో దాన్ని నింపేస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేసు రెండూ ఉన్న కార్డు నిండిపోతే మొత్తం యంత్రమే కుంటుపడుతుంది. దీనికి విరుగుడు సులువే: డిస్కును మౌంట్ చేశాక దాని లోపల ఒక ఉపఫోల్డర్ సృష్టించి, గ్రూపులో ఆ ఉపఫోల్డర్‌ను మాత్రమే చేర్చాలి. డిస్కు లేకపోతే ఆ ఉపఫోల్డర్ కూడా ఉండదు కాబట్టి అక్కడ రాయడం సాధ్యం కాదు. మౌంట్ ఫోల్డర్ రూట్ (సిస్టమ్ నిర్వాహక యూజర్) యాజమాన్యంలో, ఉపఫోల్డర్ మిథ్‌టీవీ యూజర్ యాజమాన్యంలో ఉంటే రక్షణ పూర్తవుతుంది.

డిస్కులను ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లతో, ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో రాయకూడదు; కంప్యూటర్ మొదలైనప్పుడు ఏ డిస్కు ముందుగా పలికితే దానికి మొదటి పేరు దక్కుతుంది. మారని గుర్తింపు సంఖ్య అయిన యూయూఐడీతోనే రాయాలి, డిస్కు లేకపోయినా బూట్ ఆగకుండా నోఫెయిల్ అన్న మాటను చేర్చాలి. అయితే నోఫెయిల్ చేర్చగానే బూట్ సమయంలో సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీ ఆ డిస్కు కోసం వేచి చూడదు. యూఎస్‌బీ డిస్కు పూర్తి వేగం అందుకునేలోపే రికార్డింగ్ పని చేసే భాగమైన మిథ్‌టీవీ బ్యాకెండ్ మొదలైపోవచ్చు. డిస్కులను మౌంట్ చేసే యూనిట్ల తర్వాతే మొదలవ్వాలని బ్యాకెండ్ సర్వీస్‌లో ఆఫ్టర్ వరుసను చేర్చితే ఈ ఇబ్బంది పోతుంది. రిక్వయర్స్ వరుసను మాత్రం చేర్చవద్దు. చేరిస్తే ఒక్క డిస్కు పాడైనా రికార్డింగ్ మొత్తం ఆగిపోతుంది. గ్రూపులు ఉన్నదే మిగిలిన డిస్కులతో పని కొనసాగడానికి.

డిస్కు లేనప్పుడు జాబితాలో కనిపించే పేర్ల విషయంలో మిథ్‌టీవీ సరిగ్గానే ప్రవర్తిస్తుంది. ఫైలు దొరకని రికార్డింగ్‌ను తొలగించమంటే మామూలుగా నిరాకరిస్తుంది, డేటాబేసులోని వివరాలను చెరిపివేయడం లేదని లాగ్‌లో రాస్తుంది. డిస్కును మళ్లీ తగిలించగానే అన్నీ యథాస్థానానికి వస్తాయి. అందుకే ఫైళ్లు లేని నమోదులను ఏరివేసే స్క్రిప్టులను నడిపే ముందు డిస్కులన్నీ మౌంట్ అయి ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే భద్రంగా ఉన్న రికార్డింగుల వివరాలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి.

డిస్కులు మాయమవడానికి తరచుగా కారణం కరెంటు చాలకపోవడం. రాస్ప్‌బెర్రీ పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులూ కలిసి ఇవ్వగలిగేది 1.2 ఆంపియర్లే. 2.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక్కటే దాదాపు 1 ఆంపియర్ లాగవచ్చు. రెండు డిస్కులు నేరుగా తగిలిస్తే టిక్ టిక్ మన్న చప్పుడు వస్తుంది, డిస్కు ఒక క్షణం తెగిపోయి వేరే పేరుతో మళ్లీ ప్రత్యక్షమవుతుంది, పాత మౌంట్ మాత్రం పనికిరాకుండా ఉండిపోతుంది. సొంత అడాప్టర్ ఉన్న హబ్ కానీ, 12 వోల్టుల సరఫరా విడిగా ఉండే 3.5 అంగుళాల డిస్కు కానీ వాడాలి. కరెంటు బాగున్నా తెగిపోతూ ఉంటే డిస్కు పెట్టెలోని యూఎస్‌బీ నుంచి సాటాకు మార్చే చిప్‌ను అనుమానించాలి. కొన్ని చిప్‌లు యూఏఎస్ అనే వేగవంతమైన యూఎస్‌బీ బదిలీ పద్ధతిలో సరిగ్గా నడవవు, దాన్ని ఆపితే వేగం కొంత తగ్గినా స్థిరంగా పనిచేస్తాయి. డిస్కు తన స్థితి గురించి తానే నమోదు చేసే స్మార్ట్ సమాచారంలో పెండింగ్ సెక్టార్లు (సరిగ్గా చదవలేని భాగాలు) పెరుగుతుంటే డిస్కు మీద, సీఆర్‌సీ (డేటా బదిలీ) లోపాలు పెరుగుతుంటే లోపలి సాటా కనెక్షన్ మీద దృష్టి పెట్టాలి.

ఫార్మాట్ విషయానికి వస్తే, డిస్కుతో వచ్చే ఎన్‌టీఎఫ్‌ఎస్‌నో ఎక్స్‌ఫ్యాట్‌నో తీసేసి లైనక్స్ ఫార్మాట్ అయిన ఈఎక్స్‌టీ4 పెట్టుకోవడం మేలు. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటును రూట్ కోసం పక్కన పెడుతుంది. 4 టీబీ డిస్కులో అది 200 జీబీ, అంటే 50 గంటల హెచ్‌డీ రికార్డింగులు. సిస్టమ్ ఫైళ్లు లేని డిస్కుకు ఆ నిల్వ అక్కర్లేదు, ట్యూన్‌2ఎఫ్‌ఎస్ అనే కమాండ్‌తో దాన్ని సున్నా చేయవచ్చు.

డిస్కులను నిద్రపుచ్చడం మీద నాకు పెద్ద ఉత్సాహం లేదు. నిద్రలో ఉన్న డిస్కు మేల్కొనడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ లోపు వచ్చిన ప్రసారం మెమరీలో వేచి ఉండాలి. పైగా ఒక రికార్డింగ్ కోసం ఫోల్డర్లన్నీ వెతికేటప్పుడు సంబంధం లేని డిస్కులు కూడా మేల్కొనవచ్చు. ఎంతసేపు పని లేకపోతే డిస్కు నిద్రపోవాలన్న వ్యవధిని గంటకు తగ్గకుండా పెట్టుకుంటే చాలు.

లైవ్‌టీవీ కోసం ప్రత్యేకంగా ఒక గ్రూప్ ఉంది, ప్రత్యక్షంగా చూస్తున్నంతసేపూ అందులోకే రాతలు జరుగుతాయి కాబట్టి ఆ పనిని పాత డిస్కుకు అప్పగించవచ్చు. దానికంటే ఎన్నో రెట్లు ముఖ్యమైనది డీబీ బ్యాకప్స్ అనే గ్రూప్. ఫైళ్ల పేర్లు అంకెలే కాబట్టి డేటాబేసు పోతే అవి ఏ కార్యక్రమాలో ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాల్సి వస్తుంది. ఈ గ్రూప్‌ను మెమరీ కార్డు మీద వదిలేయకుండా ఏదో ఒక ఎక్స్‌టర్నల్ డిస్కుకు మార్చాలి, బ్యాకప్ స్క్రిప్ట్ రోజూ నడిచేలా ఏర్పాటు చేయాలి.

పాత డిస్కును విరమింపజేసే సందర్భంలో ఈ ఏర్పాటు విలువ మరింత స్పష్టంగా తెలుస్తుంది. కొత్త డిస్కు ఫోల్డర్‌ను గ్రూపులో చేర్చి, రెండూ ఉండగానే ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో ఫైళ్లను కాపీ చేయాలి. ఆర్‌సింక్ ప్రతి ఫైలునూ ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరు ఇస్తుంది కాబట్టి సగం కాపీ అయిన ఫైలును మిథ్‌టీవీ పొరపాటున అందుకునే అవకాశం లేదు, ఇంట్లోవాళ్లు ఆ సమయంలో ఏదైనా చూస్తున్నా ఆటంకం కలగదు. కాపీ ముగిశాక, ఏ రికార్డింగూ జరగని వేళ చూసి ఆర్‌సింక్‌ను మరొకసారి నడిపి, పాత ఫోల్డర్‌ను గ్రూపు నుంచి తొలగించి, అన్‌మౌంట్ చేసిన తర్వాత కేబుల్ తీయవచ్చు.