వన్ జ్విక్కీ 18 వెలుగుకు ఏది మేలు: ఒంటరి నక్షత్రాల మోడలా, జంటలదా?

సప్తర్షి మండలం దిక్కున, దాదాపు 5.9 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో వన్ జ్విక్కీ 18 అనే మరుగుజ్జు గెలాక్సీ ఉంది. సూర్యుడితో పోలిస్తే దాని వాయువులో ఆక్సిజన్ 3 శాతమే. (హీలియం కన్నా బరువైనవన్నీ ఖగోళ శాస్త్రంలో లోహాలే, ఆక్సిజన్‌తో సహా.) దాని వెలుగును లెక్కగట్టే ముందు ఒకటి తేల్చుకోవాలి: నక్షత్రాలు ఒంటరిగా బతుకుతాయనుకోవాలా, జంటలుగానా?

1999లో వచ్చిన స్టార్‌బర్స్ట్99 అనే కంప్యూటర్ మోడల్ గెలాక్సీ వెలుగును ఒంటరి నక్షత్రాలతో లెక్క వేస్తుంది. తేలిగ్గా నడుస్తుంది, ఏళ్ల తరబడి అందరి చేతుల్లో నలిగింది. ఆక్లండ్, వారిక్ విశ్వవిద్యాలయాల్లో పెరిగిన బీపాస్ అనే మరో మోడల్ జంటలను కూడా కలుపుకుంటుంది.

నేను బీపాస్ వైపే. కారణం గాలి. భారీ నక్షత్రం నుంచి వీచే గాలిని తోసేది దాని కాంతే, ఆ తోపును అందుకునేది ఇనుము లాంటి లోహాలు. లోహాలు బాగా ఉంటే నక్షత్రం తన పైపొరను తానే ఊదేసుకుని లోపలి వేడి భాగాన్ని బయటపెట్టగలదు. లేకపోతే గాలి బలహీనం, పొర ఊడదు. పక్కన జోడీ ఉంటే మాత్రం అది ఆ పొరను లాగేసుకుంటుంది. మిగిలిన హీలియం గుండె అతినీలలోహిత కాంతిని కుమ్మరిస్తుంది. అలా ఒలిచిన నక్షత్రాలు మన పొరుగు గెలాక్సీలైన మాగెలాన్ మేఘాల్లో నిజంగానే దొరికాయని 2023లో ప్రకటించారు. ఒంటరి మోడల్‌లో హైడ్రోజన్‌ను అయనీకరించే (దాని ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే) కాంతి 50 లక్షల ఏళ్లకల్లా బాగా పడిపోతుంది. జంటలుంటే కోటి ఏళ్లు దాటాక కూడా కొంత మిగులుతుంది. అంటే మోడల్ మారితే మనం చెప్పే నక్షత్రాల వయసే మారిపోతుంది.

అలాగని బీపాస్‌ను గుడ్డిగా నమ్మలేం. ‘O’ తరగతి నక్షత్రాల్లో (బాగా వేడిగా ఉండే భారీ నక్షత్రాలు) 70 శాతానికి పైగా జోడీతో పదార్థం ఇచ్చిపుచ్చుకుంటాయని 2012లో తేలింది నిజమే, కానీ అది పాలపుంత లెక్క. లోహాలు లేనిచోట జంటలు అన్నే ఉంటాయన్నది మన ఊహ. పైగా వన్ జ్విక్కీ 18లో హీలియం రెండో ఎలక్ట్రాన్‌ను కూడా ఊడగొట్టే కాంతి ఉంది. అందుకు 54.4 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అంత కాంతిని రెండు మోడళ్లూ చూపించలేకపోతున్నాయి. ఇందులో ఎక్స్‌రే జంటల (బ్లాక్‌హోల్ లేదా న్యూట్రాన్ నక్షత్రం తన జోడీ పదార్థాన్ని లాగుతూ ఎక్స్‌రేలు వెదజల్లే జంటలు) పాత్ర ఎంతన్న చర్చ ఇంకా సాగుతోంది.

ముసలి నక్షత్రాల ఎర్రటి వెలుగు నుంచి గెలాక్సీ బరువు కట్టడమే పనైతే ఒంటరి మోడల్ చాలు.

సింహరాశి వైపు 53 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని లియో పి అనే చిన్న గెలాక్సీ దగ్గర ఈ పోటీయే నిలవదు. అందులో మెరిసే ఒకేఒక్క వాయుమేఘాన్ని వెలిగిస్తున్నది ఒకే ఒక్క ‘O’ తరగతి నక్షత్రం. వేల నక్షత్రాల సగటు మీద కట్టిన మోడల్ అక్కడ ఏం చెబుతుంది? స్లగ్ లాంటి ప్రోగ్రాం పట్టుకుని, చీటీలు తీసినట్టు నక్షత్రాలను ఒక్కొక్కటిగా ఎంచాలి. అదే బరువుకు వందలసార్లు తీసి, వెలుగు ఎంత ఊగుతుందో ముందు చూసుకోవాలి. జంటల సంగతి ఆ తర్వాత.